పల్నాటి రాతిలో మధుపాత్ర

మహాశివరాత్రినాడు కోటప్పకొండకు సాగివచ్చు ప్రభలను గూర్చి వినని ఆంధ్రుడు అరుదు. త్రికోటేశ్వరుని సేవింప పల్నాటి పల్లెలన్నియు ఆనాడు కదలివచ్చును. అదే పల్నాటి పడమటి అంచున, కృష్ణాతీరమున, మరియొక కొండ కలదు. అది నాగార్జునకొండ. ఒకనాడు అచ్చటికి చేరినవారిలో సముద్రముల కావలివారును ఉండిరనుటకు అచ్చటి రాళ్లే సాక్ష్యము.

క్రీ. శ. 3, 4 శతాబ్దులలో అది ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. రాజప్రాసాదస్థలమున లభించిన స్తంభశిల్పములలో ఒకటి వింతయైనది. అర్ధనగ్నముగా నిలిచిన పురుషుడు, చేత పానమునకైన కొమ్ము, చెంత మధుభాండము. ఇతడు గ్రీకుల మధుదేవతయగు డయొనైససే యని కొందరు పండితుల అభిప్రాయము. కాకపోయినను, ఆ కొమ్ము తెలుగువాని చేతి ముంత కాదుగదా! రోము చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెము ఈ తావుననే దొరకినది. అంతకు రెండు శతాబ్దుల ముందటిదగు ‘పెరిప్లస్’ అను గ్రీకు గ్రంథము, ఇటలీ, లవొడికియా, అరేబియా దేశపు ద్రాక్షాసవములు భరుకచ్ఛపు రేవున దిగుచుండెననియు, అందు ఇటలీ సరకుకే మక్కువ మెండనియు చెప్పుచున్నది. శ్రీనాథునివని ప్రచారముననున్న చాటువులను నమ్మి పల్నాడనగా జొన్నకూడే యనుకొనువారికి ఈ రాతిమనిషి మంచి సమాధానము.

ఆ కొమ్ము నేటికిని లోకమునుండి తొలగిపోలేదు. కాకసస్ పర్వతముల దాపునగల జార్జియా దేశపు విందులలో అది చేతులు మారుచునే యున్నది. దానికి అడుగు ఉండదు; త్రాగి ముగింపక క్రింద పెట్ట వీలుపడదు. ద్రాక్షసారాయమనగా ఫ్రాన్సు, ఇటలీల పేర్లే వల్లించువారు ఈ చిన్నదేశమును తలపరు. కాని అచ్చటి కుండపెంకులపై ఇంచుమించు 8,000 ఏండ్లనాటి ద్రాక్షాసవపు జాడలు ఉన్నట్లు 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ‘క్వెవ్రి’ యను పెద్ద మట్టికాగును మెడవరకు భూమిలో పాతి, లోపల తేనెమైనము పూసి, రసముతోపాటు తొక్కలను, గింజలను అందే మాసములకొలది నిలువయుంచుదురు. యునెస్కో 2013లో ఈ విద్యను మానవజాతి వారసత్వములలో చేర్చినది. మన వైద్యుల ద్రాక్షారిష్టమును ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అచ్చటను ద్రాక్షయే, పులియుటకు ధాతకీపుష్పము, మూతికి శీల, కొన్నాళ్ల నిరీక్షణ. పుచ్చుకొనునది మాత్రము విందుకై కాదు, ఆకలి పుట్టుటకై!

ఇక రుచి మాట. ర్కత్సితెలి యను తెల్లద్రాక్ష క్వెవ్రిలో నిలిచి తేనెరంగు దాల్చును. తొక్కలనుండి, గింజలనుండి దిగిన వగరు నాలుకను పట్టును. పాశ్చాత్యులు వగరును రుచులలో చేర్చరు, అది నోటికి తోచు స్పర్శ మాత్రమే యందురు. ఏడాదిని ఉగాదిపచ్చడితో ఆరంభించు జాతికి అది ఆరు రుచులలో ఒకటి. ఇట్టి మధువును వర్ణించుటకు తెలుగువాడు పరభాషాపదములను అప్పుతేనక్కరలేదు. సైప్రస్ ద్వీపపు కమాండేరియాకైతే ఆ అక్కర అసలే లేదు. ఎండలో వడలిన పండ్లనుండి తీసిన ఆ తీపికి కిస్మిస్ పండు చాలును.

జార్జియావారి నల్లద్రాక్ష పేరు సపెరవి, అనగా రంగునిచ్చునది. దాని పండు లోపలికండయు ఎరుపే. పులుపు, వగరు కలిసిన ఆ నల్లని రసమునకు పోలిక వెదుకువారు, నేరేడుపండ్ల కాలమున పల్నాటి పిల్లవాని నాలుక చూచిన చాలును.