ఏకాకి దీవిలో రాజ్యం

క్రీ.పూ. 4000. తెర నిండా చీకటి, నడుమ కాస్త నేల. దాని మీద ఊళ్లు కట్టే ఒక సెట్లర్, తోడుగా ఒక వారియర్. రాజధాని కట్టేసి వారియర్‌ని తూర్పుకి నడిపిస్తే కొద్ది గళ్లలోనే సముద్రం తగులుతుంది. పడమరకి తిప్పినా సముద్రమే. ‘సివిలైజేషన్ 4’ ఆడేవాళ్లకి గుండె జారిపోయే ఘడియ అది. దీవి మొత్తమ్మీద మరో రాజ్యం లేదు. కాసేపటికి తెలిసేది ఇంకొకటి: రాగీ లేదు, ఇనుమూ లేదు.

చాలామంది అక్కడితో ఆపేసి కొత్త మ్యాప్ తెచ్చుకుంటారు. నది ఒడ్డున, గోధుమలూ బంగారమూ ఉన్న చోటు దొరికేదాకా మారుస్తూనే ఉంటారు. అలాంటి చోట ఏ తప్పు చేసినా భూమే కాపాడేస్తుంది. ఈ ఆట ఎంత లోతైనదో తెలియాలంటే మాత్రం వాళ్లు వదిలేసిన మ్యాపుల్లోకే వెళ్లాలి.

మరీ అన్యాయం జరక్కుండా ఆట కూడా తన వంతు జాగ్రత్త పడుతుంది. సోరెన్ జాన్సన్ ప్రధాన డిజైనర్‌గా ఫిరాక్సిస్ సంస్థ 2005లో తెచ్చిన ఈ ఆట, మ్యాప్ సిద్ధం కాగానే ప్రతి ఆటగాడి చోటునీ ఒకసారి చక్కదిద్దుతుంది. నీళ్లు లేకపోతే నదినో చెరువునో కలుపుతుంది. అడ్డొచ్చే శిఖరాలను తీసేస్తుంది. తిండి చాలదనుకుంటే పంటనో చేపలనో పెడుతుంది. అయితే ఆ దయంతా రాజధాని చుట్టుపక్కల వరకే. ఆ హద్దు దాటాక మూడో ఊరికి చోటుందా, పొరుగున యుద్ధమంటే చెవి కోసుకునే కంప్యూటర్ రాజు మాంటెజూమా ఉన్నాడా అన్నది ఎవరి అదృష్టం వాళ్లది.

దీనికి డీటీ స్థాయి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. తొమ్మిది కష్ట స్థాయిల్లో అదే ఆఖరిది. కంప్యూటర్ రాజులకు ఇద్దరేసి సెట్లర్లు; వ్యవసాయం, విలువిద్య పుట్టుకతోనే వచ్చేసి ఉంటాయి. పైగా వాళ్లు తమలో తాము విద్యలు మార్చుకుంటూ దూసుకుపోతారు. దీవిలో ఉన్నవాడికి ఇచ్చిపుచ్చుకోవడానికి మనిషే దొరకడు. విదేశీ వ్యాపారం ఉండదు. విలాస వస్తువులు చాలక, ఊరు కాస్త పెరిగేసరికి జనం ముఖాలు మాడ్చుకుంటారు.

ఇక్కడే చెయ్యి తిరిగినవాళ్ల పనితనం చూడాలి. ముందు రాచరికం నేర్చుకుంటారు. వారసత్వ పాలన పెడితే ఊళ్లో కాపలా ఉన్న ఒక్కో సైనికుడికీ ఒక్కో పౌరుడి కోపం తగ్గుతుంది. వారియర్ ఖరీదు 15 హ్యామర్ల ఉత్పత్తే. అందుకని వాళ్లనే వరసగా తయారుచేసి ఊళ్లు నింపేస్తారు. రాగి చేతికొస్తే మెరుగైన సైనికులు వచ్చి, ఈ చవక వారియర్ జాబితాలోంచి మాయమవుతాడు. అంటే ఇందాక శాపమనుకున్న రాగి కొరతే ఇప్పుడు అక్కరకొచ్చింది! ఈ మలుపు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

తర్వాత చూపంతా ఆప్టిక్స్ మీదే. అది రాగానే కారవెల్ ఓడలు నడిసముద్రం దాటుతాయి. అవతలి రాజులు సాధారణంగా పట్టించుకోని సౌందర్యశాస్త్రం లాంటి విద్యలను ముందే నేర్చి ఉంచుకుంటే, తొలి పరిచయంలోనే బేరాలు మొదలు. ఒక్కో విద్య నలుగురికీ అమ్మి వెనకబాటు చాలావరకు పూడ్చుకోవచ్చు. ఆపైన మూడు నగరాల్లో 50,000 చొప్పున సంస్కృతి పోగుచేసో, అంతరిక్ష నౌక పంపో గెలుపు వైపు నడవొచ్చు.

అయినా ఓడిపోయేవాళ్లే ఎక్కువ. అలాగని మ్యాప్‌ది తప్పని తేల్చడం కుదరదు. పాత విండోస్ ఫ్రీసెల్ పేకాటలో 32,000 పంపకాలుంటే పరిష్కారం లేనిది 11,982వ నంబరు ఒక్కటే అని తేల్చగలిగారు. సివిలైజేషన్‌లో అలా తేల్చలేం: ప్రతి పోరూ సంభావ్యత మీద నడుస్తుంది, ప్రతి టర్న్‌లోనూ దారులు చీలిపోతాయి. అందుకే పట్టుదల ఉన్న ఆటగాళ్లు మొదటి టర్న్ సేవ్ ఫైలును పారేయకుండా మిత్రులకు ఇస్తారు. అదే ఫైలులో ఒకరు ఉన్నచోటే రాజధాని కడతారు. ఇంకొకరు ఒక టర్న్ వదులుకుని సెట్లర్‌ని పక్కనున్న గుట్ట ఎక్కిస్తారు, అక్కడొచ్చే అదనపు హ్యామర్ కోసం.