సూదంటురాయి రేణువుపై ఒత్తిడి

సూదిని తనకు అంటించుకునే రాయి గనుక మనవాళ్లు దాన్ని సూదంటురాయి అన్నారు. శాస్త్రంలో దాని పేరు మాగ్నెటైట్. ప్రతి మూడు ఇనుము పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చేరి ఏర్పడిన ఖనిజం ఇది. దాన్ని పది నానోమీటర్ల రేణువుగా చేస్తే స్వభావమే మారిపోతుంది. రేణువంతా కలిసి ఒకే అయస్కాంతంగా ఉంటుంది, కానీ దాని ఉత్తర దక్షిణాలకు నిలకడ ఉండదు. గదిలో ఉండే మామూలు వేడికే అవి సెకనుకు కోట్లసార్లు తారుమారవుతాయి. దీన్నే సూపర్‌పారా అయస్కాంతత్వం అంటారు. దిశ మారాలంటే రేణువు ఒక శక్తి అవరోధాన్ని దాటాలని, ఆ అవరోధం రేణువు ఘనపరిమాణంతోపాటు పెరుగుతుందని 1949లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త లూయీ నీల్ వివరించాడు. రేణువు వ్యాసం రెట్టింపైతే అవరోధం ఎనిమిది రెట్లవుతుంది. నిలకడ కాలం అంతకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంత సున్నితమైన రేణువును నొక్కితే ఏమవుతుంది? దీనికి జవాబు ఎలా నొక్కుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ రంగంలో మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇదేనని నా నమ్మకం.

అన్ని వైపులా సమానంగా నొక్కామనుకుందాం. ఒక గిగాపాస్కల్ అంటే సుమారు పదివేల వాతావరణాల పీడనం. అంత పీడనంలో కూడా మాగ్నెటైట్ ఘనపరిమాణం అరశాతం మాత్రమే తగ్గుతుంది. ఇనుము అయాన్లు మధ్యనున్న ఆక్సిజన్ ద్వారా ఒకదాని స్పిన్‌ను, అంటే దాని చిన్న అయస్కాంత దిశను, మరొకటి ప్రభావితం చేస్తాయి. అవి దగ్గరయ్యే కొద్దీ ఆ బంధం బిగుసుకుంటుంది. అయస్కాంత క్రమం చెదిరిపోయే ఉష్ణోగ్రతను క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. సుమారు 580 డిగ్రీల సెల్సియస్ దగ్గరుండే అది ప్రతి గిగాపాస్కల్‌కు 20 డిగ్రీలదాకా పెరుగుతుంది. మార్పు ఉంది, కానీ పెద్దది కాదు.

ఒకే దిశలో నొక్కితే కథ వేరు. అయస్కాంత దిశ మారినప్పుడు మాగ్నెటైట్ స్ఫటికం లక్షలో కొన్ని వంతులు సాగుతుంది లేదా కుదించుకుంటుంది. ఈ చిన్న లక్షణం వల్లే యాంత్రిక ఒత్తిడికి అయస్కాంతత్వం లొంగుతుంది. లెక్క వేసి చూస్తే, ఒక గిగాపాస్కల్ ఏకదిశా ఒత్తిడి ఘనమీటరుకు దాదాపు 58,000 జౌళ్ల శక్తిని చేరుస్తుంది. స్ఫటికం తన అయస్కాంత దిశను నిలబెట్టుకోవడానికి సహజంగా ఉన్న శక్తి 13,000 జౌళ్ల లోపే. అంటే బయటి ఒత్తిడిది నాలుగు రెట్లకు పైగా పైచేయి. అప్పుడు అయస్కాంతత్వం నొక్కుతున్న దిశను వదిలి పక్కలకు ఒరుగుతుంది.

అందుకే ప్రయోగశాలలో జాగ్రత్త అవసరం. 1958లో రూపొందిన డైమండ్ ఆన్విల్ సెల్‌లో రెండు వజ్రాల కొసల మధ్య నమూనాను నొక్కుతారు. ఒత్తిడి సమంగా పంచడానికి దాని చుట్టూ మిథనాల్, ఇథనాల్ మిశ్రమం వాడతారు. సుమారు 10 గిగాపాస్కల్‌లు దాటితే ఆ మిశ్రమం గడ్డకడుతుంది. ఆపైన కొలిచేది సమపీడన ఫలితమని అనడానికి వీల్లేదు.

ఇక నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది హెమటైట్. ఎర్రమట్టికి ఎరుపునిచ్చే ఐరన్ ఆక్సైడ్ ఇదే. చల్లబరిస్తే సున్నా డిగ్రీల సెల్సియస్‌కు సుమారు పది డిగ్రీల దిగువన దాని స్పిన్‌లు హఠాత్తుగా దిశ మార్చుకుని, అంతవరకు ఉన్న బలహీన అయస్కాంతత్వం దాదాపు మాయమవుతుంది. దీన్ని మోరిన్ పరివర్తన అంటారు. పీడనం ఈ ఉష్ణోగ్రతను గిగాపాస్కల్‌కు 30 డిగ్రీలకు పైగా పైకి జరుపుతుంది. కాబట్టి తగినంత నొక్కితే ఆ మార్పు మామూలు గదిలోనే జరిగిపోతుంది. రేణువు చిన్నదైతే మాత్రం సరిగ్గా వ్యతిరేకం: ఉష్ణోగ్రత దిగజారుతుంది, 20 నానోమీటర్ల లోపు రేణువుల్లో పరివర్తన కనబడకుండానే పోతుంది. చిన్న హెమటైట్ రేణువుల్లో పరమాణువుల జాలకం కాస్త సాగి ఉంటుంది. 1967లోనే కొందరు పరిశోధకులు ఈ సాగుదలను కారణంగా చూపారు. అంటే చిన్నతనం రుణపీడనంలా పనిచేస్తున్నదన్నమాట. బయటినుంచి నొక్కడమూ రేణువు పరిమాణం తగ్గించడమూ వేర్వేరు పనులుగా కనిపిస్తాయి గాని, రెండూ కదిలించేది పరమాణువుల మధ్య దూరాన్నే. ఈ పోలికకు నేను చాలా విలువ ఇస్తాను.

ప్రకృతి ఇదే ప్రయోగాన్ని గ్రహాలమీద చేసింది. 1997లో అంగారక కక్ష్య చేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ ఆ గ్రహపు పాత శిలల్లో బలమైన అయస్కాంతత్వాన్ని గుర్తించింది. కానీ సుమారు 2,300 కిలోమీటర్ల వెడల్పున్న హెల్లాస్ అనే పల్లంలో అది దాదాపు లేదు. ఆ పల్లాన్ని తవ్విన మహా తాకిడి తెచ్చిన పీడనం, వేడిమి శిలల జ్ఞాపకాన్ని చెరిపాయని, మళ్లీ రాయడానికి అప్పటికి ఆ గ్రహానికి అయస్కాంత క్షేత్రం మిగల్లేదని చాలామంది శాస్త్రవేత్తల వివరణ.

మన దగ్గర మహారాష్ట్రలోని లోణార్‌లో, 1.8 కిలోమీటర్ల వెడల్పున, ఉల్క చేసిన గుంట దక్కన్ బసాల్ట్‌లోనే ఉంది. ఆ రాతిలో టైటానియం కలిసిన మాగ్నెటైట్ రేణువులున్నాయి. గుంట అంచున నలిగిన రాళ్లు తాకిడి పీడనాన్ని అనుభవించినవి. అదే దక్కన్ బసాల్ట్ తెలంగాణలోని వికారాబాద్ వైపుకూ పరుచుకుని ఉంది. అక్కడి రేణువులు ఆ ఉల్క దెబ్బ ఎరగవు.