అప్‌డేట్ తర్వాత నాస్ ఓపెన్ అవ్వట్లేదా? తప్పు రూటర్‌ది కాదు

నిన్నటిదాకా ఒక్క క్లిక్‌తో తెరుచుకున్న నాస్ ఫోల్డర్, విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అప్‌డేట్ పడ్డాక ఎర్రర్ చూపిస్తోందా? రూటర్‌ని పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు. షేర్డ్ స్టోరేజ్‌తో నడిచే ప్రతి సంభాషణకీ డిజిటల్ సంతకం ఉండాలని 2024లో వచ్చిన ఈ వెర్షన్ పట్టుబడుతోంది. ఆ సంతకానికి కావాల్సిన కీ మీ పాస్‌వర్డ్ ఆధారంగానే తయారవుతుంది. మరి మన ఇళ్లలో నాస్ నడిచేది ఎక్కువగా 'గెస్ట్' మోడ్‌లో, పాస్‌వర్డే లేకుండా. ఇక సంతకం ఎక్కణ్నుంచి వస్తుంది?

పనిలోపనిగా ఎస్ఎంబీ1 ఆన్ చేసేయమని ఎవరైనా అంటే మాత్రం వినకండి. 2017 మేలో వానాక్రై ర్యాన్సమ్‌వేర్ పాకింది ఆ పాత దారిలోనే. అలాంటిది మళ్లీ దూరితే ల్యాప్‌టాప్‌తో పాటు నాస్‌లో దాచిన అక్క పెళ్లి ఫొటోలూ పోతాయి.

నాస్ సెట్టింగ్స్‌లో ఓ యూజర్‌ని క్రియేట్ చేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' ఓపెన్ చేసి రెండు బ్యాక్‌స్లాష్‌లు, నాస్ ఐపీ, ఇంకో బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు కొట్టండి. 'కనెక్ట్ యూజింగ్ డిఫరెంట్ క్రెడెన్షియల్స్' టిక్ చేయడం మర్చిపోవద్దు. లేదంటే విండోస్ తన లాగిన్‌నే పంపి విసిగిస్తుంది. అన్నట్టు, ఆ ఐపీని రూటర్‌లో రిజర్వ్ చేసేయండి. కరెంటు పోయొచ్చాక అడ్రస్ మారిపోతే మళ్లీ మొదటికొస్తుంది.