తూచి లెక్కించుట: మోలు అను మానము



ఎరువుల అంగడియొద్ద పెద్దలు తఱచుగా వేయు ప్రశ్న యొకటి కలదు. అమ్మోనియం సల్ఫేటు మూట 50 కిలోలు. యూరియా మూట 45 కిలోలు. రెండును తెల్లనివే, రెండును పైరునకు నత్రజని నిచ్చునవే. తూకమున పెద్దది గనుక మొదటి మూటయే మేలని యెంచవచ్చునా? ఎంచరాదు. చిన్న మూటయందే నత్రజని దాదాపు రెండింతలు కలదు. ఇట్లేల యగునో తెలియవలెనన్నచో రసాయనశాస్త్రమునందలి మోలు అను మానమును గ్రహింపవలెను. అది కఠినమని విద్యార్థులు భయపడుదురు గాని, మన యింటి లెక్కలు తెలిసినవారి కది సులభమే.

వస్తువులను మనము రెండు విధములుగా కొలుతుము. ఒకటి తూనిక, రెండవది యెన్నిక. రెంటిని జత యనియు, నాలుగింటిని పుంజీ యనియు, పండ్రెండింటిని డజను అనియు అందుము. మోలు అనునదియు పుంజీవంటి యెన్నిక మాటయే. పుంజీ యనగా నాలుగు. మోలనగా సుమారుగా 6022 అను నంకె ప్రక్కన 20 సున్నలు చేర్చగా వచ్చు సంఖ్య. ఒకటి ప్రక్కన 17 సున్నలు గల సంఖ్యను మన ప్రాచీన గణితము పరార్ధమనును. అట్టి పరార్ధములు 60 లక్షలకు పైబడినగాని యొక మోలు కాదు.

ఇంత పెద్ద సంఖ్య యేల కావలసెను? పరమాణువు మిక్కిలి సూక్ష్మమగుటచేత. మన వైశేషికులు గవాక్షమునుండి వచ్చు ఎండలో కనబడు రేణువును మొదలుకొని, దానిని విభజించుచు, తర్కబలముచే పరమాణువు వఱకు పోయిరి. ఆ గ్రంథములను చిన్ననాట నేనును చదివితిని. వాటియందు తర్కము కలదు గాని తూకము లేదు. పరమాణువులను తూకముతో ముడివేసినది నవీన రసాయనశాస్త్రము. కంటికి కానరానిదానిని లెక్కించు టెట్లు? తూచియే.

ఒక దృష్టాంతము చెప్పెదను. నిమ్మకాయ యొక్కొక్కటి 50 గ్రాములనియు, కొబ్బరికాయ యొక్కొక్కటి 800 గ్రాములనియు అనుకొందము. కొబ్బరికాయ నిమ్మకాయకు 16 రెట్లు బరువు. ఒక గంపలో 1 కిలో నిమ్మకాయలు, వేఱొక గంపలో 16 కిలోల కొబ్బరికాయలు తూచి పోసినచో, గంపలు విప్పి చూడకయే రెంటియందును కాయలు సమానమని చెప్పవచ్చును. లెక్కించి చూచిన నిరువదేసి యుండును. ఒక్కొక్క కాయ బరువుల నడుమ నే నిష్పత్తి కలదో, గంపల బరువుల నడుమను అదే నిష్పత్తి యున్నచో, కాయల సంఖ్య సమానమై తీరును. మోలు యొక్క రహస్యమంతయు నింతియే.

ఉదజని పరమాణువు బరువు 1 పాలైనచో, స్థూలముగా కర్బనము 12, నత్రజని 14, ఆమ్లజని 16, గంధకము 32 పాళ్లు. కావున 1 గ్రాము ఉదజని యందును, 14 గ్రాముల నత్రజని యందును, 16 గ్రాముల ఆమ్లజని యందును పరమాణువులు సమసంఖ్యలో నుండును. ఆ సంఖ్యయే మోలు. ఒక మోలు పదార్థము ఎన్ని గ్రాములు తూగునో అది దాని మోలార్ ద్రవ్యరాశి. నీటి యణువునందు ఉదజని రెండు, ఆమ్లజని ఒకటి. కావున నీటి మోలు 18 గ్రాములు. అనగా సుమారు మూడు నాలుగు ఉద్ధరిణెల నీటిలో అఱువది లక్షల పరార్ధముల యణువులు కలవన్నమాట.

సమాన పరిమాణముగల వాయువులయందు, వేడిమియు ఒత్తిడియు సమానమైనపుడు, అణువులు సమసంఖ్యలో నుండునని 1811లో ఇటలీ దేశస్థుడగు అవొగాడ్రో ప్రతిపాదించెను. 1856లో ఆయన మరణించు నాటికిని ఆ మాటను విద్వాంసులు పెక్కుమంది యంగీకరింపలేదు. 1860లో కార్ల్‌స్రూయే నగరమున జరిగిన రసాయనవేత్తల సభలో ఆయన దేశీయుడే యగు కానిజారో దానిని సమర్థించిన పిదపనే పరమాణు భారములు కుదురుకొనెను. 1909లో ఫ్రెంచి విద్వాంసుడు పెఱ్ఱె ఈ సంఖ్యకు అవొగాడ్రో పేరు పెట్టెను. 2019 మే 20 నుండి ఈ సంఖ్యయే అంతర్జాతీయముగా మోలునకు నిర్వచనమైనది.

ఇక మన మూటలను విప్పుదము. యూరియా యణువునందు కర్బనము 1, ఆమ్లజని 1, నత్రజని 2, ఉదజని 4 పరమాణువులు కలవు. 12, 16, 28, 4 కూడగా 60. అమ్మోనియం సల్ఫేటు నందు నత్రజని 2, ఉదజని 8, గంధకము 1, ఆమ్లజని 4. 28, 8, 32, 64 కూడగా 132. రెంటను నత్రజని 28 గ్రాములే. ఆ 28 గ్రాములను యూరియా 60 గ్రాములలో మోసికొని వచ్చుచుండగా, అమ్మోనియం సల్ఫేటు 132 గ్రాములలో మోసికొని వచ్చుచున్నది. కనుక నూటికి యూరియాలో సుమారు 46 పాళ్లు, రెండవదానిలో సుమారు 21 పాళ్లు నత్రజని. 45 కిలోల యూరియా మూటలో 20 కిలోలకు పైగాను, 50 కిలోల సల్ఫేటు మూటలో 10 కిలోలకు కొంచె మెక్కువగాను నత్రజని యుండును.

ఈ లెక్క తెలియకున్న నష్టము ధనమునకే కాదు, పైరునకును కలదు. మన దేశమున 1951లో సింద్రీ కర్మాగారము మొదట చేసినది అమ్మోనియం సల్ఫేటే. ఆ యెరువునకు అలవాటుపడిన చేయి అదే తూకమున యూరియా చల్లినచో, మడికి రెండింతలకు మించిన నత్రజని చేరును. పైరు ముదురాకుపచ్చగా నేపుగా పెరిగి, ఈనిన పిదప పడిపోవును, దోమపోటును తోడగును. అట్లని అమ్మోనియం సల్ఫేటును తక్కువ చేయరాదు. అందు గంధకము నూటికి సుమారు 24 పాళ్లు కలదు. గంధకము కొఱవడిన చేనికిని, వేరుసెనగవంటి నూనెగింజల పైరునకును అది మేలు చేయును. యూరియాయందు గంధకము లేదు.

కావున మహాశయులారా, మూట బరువును మాత్రము చూడకుడు. దానిపై ముద్రించిన శాతమును చదివి, మూట బరువుతో హెచ్చించి, నూటితో భాగింపుడు. కొనుచున్నది మూటను కాదు, అందలి నత్రజనిని. మీ యింటి పిల్లలు మోలు లెక్క చేయుచున్నపుడు, ఈ రెండు మూటలను వారి యెదుట నుంచి అడుగుడు. వారు మీకు లెక్క చెప్పుదురు; మీరు వారికి దాని ప్రయోజనము చెప్పవచ్చును.