అవే ముఖాలు, అదే పెళ్ళి

అమెరికా నల్లజాతి వారి హాస్య ప్రేమకథా చిత్రాలు వరుసగా నాలుగు చూస్తే, అయిదోదాని కథ ఇంటర్వెల్‌కి ముందే చెప్పేయొచ్చు. హీరో బాగా చదువుకున్నవాడు. రచయితో, డాక్టరో, లాయరో అయి ఉంటాడు. ముగ్గురు నలుగురు స్నేహితులుంటారు. అందులో ఒకడికి పెళ్ళంటే భయం, ఒకడికి నోటి మీద అదుపుండదు. పేకాట దగ్గరో, బాస్కెట్‌బాల్ కోర్టులోనో ఆడవాళ్ళ మీద చర్చ. దాచిన సంగతి ఒకటి బయటపడి జంట విడిపోతుంది. చివర్లో అందరి ముందూ అతను దిగివస్తాడు.

1999లో మాల్కం డి. లీ తీసిన 'ద బెస్ట్ మ్యాన్' ఈ మూసకు మంచి ఉదాహరణ. హీరో రాసిన నవలలో, పెళ్ళికూతురితో తనకున్న పాత సంబంధం దాగి ఉంటుంది. పెళ్ళికొడుకు ఆ పుస్తకం చదువుతాడు. సుమారు 90 లక్షల డాలర్లతో తీసిన చిత్రం 3 కోట్లకు పైగా వసూలు చేసింది. ఇక నిర్మాతలు ఊరుకుంటారా? పెళ్ళికొడుకుగా వేసిన మోరిస్ చెస్ట్‌నట్ 2001లో 'ద బ్రదర్స్', 'టూ కెన్ ప్లే దట్ గేమ్' రెండింట్లోనూ ఉన్నాడు. గాబ్రియెల్ యూనియన్ కూడా రెండింట్లో ఉంది. 'బెస్ట్ మ్యాన్'లోని టే డిగ్స్, సనా లేథన్ 2002లో 'బ్రౌన్ షుగర్'లో జంటయ్యారు.

కొత్తవాళ్ళు దొరకక కాదు. ఇలాంటి చిత్రాలకు స్టూడియోలు పెట్టే డబ్బే తక్కువ. ఒకసారి గెలిచిన ముఖమైతే భయం లేదు. నటుల వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి ఉంది. షేక్‌స్పియర్ 'ద టేమింగ్ ఆఫ్ ద ష్రూ' ఇంగ్లీషు ఎం.ఏ. మిత్రులకు తెలిసిందే. దాని ఆధారంగా 1999లో వచ్చిన '10 థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ'లో గాబ్రియెల్ యూనియన్ తెల్లమ్మాయి పక్కన స్నేహితురాలు. అదే నాటకం ఛాయలతో 2003లో వచ్చిన 'డెలివర్ అస్ ఫ్రమ్ ఈవా'లో తనే కథానాయిక. మూస అయితేనేం, ఆమెకు నడిమధ్య చోటు దొరికింది అక్కడే.

మమ్మల్ని పట్టి ఆపింది మాత్రం చెస్ట్‌నట్ మొదటి చిత్రం, 1991 నాటి 'బాయ్జ్ ఇన్ ద హుడ్'. అందులో అతను రికీ, ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు. యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కోసం పరీక్ష రాసి, ఫలితం చూడకుండానే వీధిలో తుపాకీ గుండుకు చనిపోతాడు. మార్కుల కాగితం తల్లి విప్పుతుంది. పాసయ్యాడు. స్కాలర్‌షిప్ మీద చదివే మాకు ఆ దృశ్యం గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత 'బెస్ట్ మ్యాన్'లో అదే మనిషి పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు, సూటు వేసుకుని పెళ్ళిపీట ఎక్కాడు. రికీ స్నేహితుడి ప్రియురాలిగా వేసిన నియా లాంగ్ కూడా ఆ పెళ్ళిలో ఉంది. ఆ ముఖాలు మళ్ళీ మళ్ళీ కనబడితే అక్కడి ప్రేక్షకులకు విసుగెందుకు రాలేదో మాకు అప్పుడు అర్థమయింది.

లోపం లేదని కాదు. ఈ చిత్రాల్లో అద్దె కట్టలేనివాడు కనబడడం అరుదు. ఆ పెద్ద డిగ్రీల ఫీజులు ఎవరు కట్టారో ఎవరూ చెప్పరు. ఇళ్ళలో మొదట డిగ్రీ చదివినవాళ్ళం కాబట్టి మాకు ముందు అదే తోచింది.

'బెస్ట్ మ్యాన్' బృందం 2013లో రెండో భాగానికీ, 2022లో ఎనిమిది భాగాల సీరియల్‌కీ మళ్ళీ కలిసింది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, చూడాలనుకుంటే 1997 నాటి 'లవ్ జోన్స్'తో మొదలుపెట్టండి. షికాగోలో ఒక కవి, ఒక ఫొటోగ్రాఫర్. చివర పెళ్ళి లేదు. హీరోయిన్ మాత్రం నియా లాంగే!