వెల్డింగు తీగ పొడిగించేముందు ఒక లెక్క

గత వేసవిలో మా కళ్ళంలో ట్రాక్టరు ట్రక్కు విరిగింది. ఇంటి ప్లగ్గుకు 30 మీటర్ల దూరం. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ తగిలించి, వెల్డింగు మిషన్ని అక్కడికే మోసుకుపోయాం. ఆర్కు నిలవదు, రాడ్డు అంటుకుపోతుంది. మిషను చెడిందన్నాడు నాన్న. ఇంతలో కాలిన వాసన! చుట్టగా వదిలేసిన మిగులు తీగ తొడుగు కరుగుతోంది.

పోనూ రానూ 60 మీటర్ల ఆ రాగి తీగ నిరోధం సుమారు 0.7 ఓము. 20 ఆంపియర్లు లాగితే దారిలోనే 14 వోల్టులు పోయి, 280 వాట్ల వేడి పుడుతుంది. పరచిన తీగ గాలికి చల్లారుతుంది. చుట్టలో వేడి ఎటు పోతుంది? పైగా దానికి ఎర్త్ లేదు. నేల తడిగా ఉండి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో.

మిషన్ని ప్లగ్గు దగ్గరే ఉంచి హోల్డరు కేబులు పొడిగించడం మేలు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులైతే అంతే దూరానికి 100 ఆంపియర్లు పంపినా 3 వోల్టులే నష్టం. తిరుగు తీగా అంతే లావుండాలి, దాని క్లాంపు పని దగ్గరే పట్టించాలి. కంచె తీగతో, మోటారు పైపుతో సరిపెట్టకూడదు. వోల్టులు తక్కువే గదా అని తడిచేత్తో రాడ్డు మార్చకూడదు. మిషన్నే కదపాల్సివస్తే ఎర్త్‌తో కూడిన 4 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల కేబులు వాడి, మొత్తం విప్పి పరవాలి.

కొత్త కేబులు ధర విని నాన్న పాతది బేరమాడి తెచ్చాడు. తొడుగు ఎక్కడైనా పగిలిందేమోనని జానెడు జానెడూ తడిమి చూశాకే మిషనుకు తగిలించాను.