పలక దారి, తీగ దారి

వడ్రంగమును వృత్తిగా గాక వేడుకగా చేపట్టువారు కొందరు కలరు. ఇంటి ప్రక్కనున్న కారు షెడ్డులో సెలవునాడు రంపము పట్టి, బిడ్డలకు వ్రాతబల్లయో, పుస్తకములకు అలమారయో చేసికొనుట వారికి వినోదము. అట్టివారు తరచుగా మొదట యంత్రములను కొని, వానిని గోడ వెంబడి పేర్చి, చివరకు విద్యుత్తీగల మాట తలంతురు. ఈ వరుస తలక్రిందైనది. ముందుగా నిర్ణయింపవలసినది పలక నడచు దారి; దానిని బట్టి యంత్రముల చోటు; ఆ చోటును బట్టి తీగల దారి.

20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల షెడ్డును ఉదాహరణముగా తీసికొందము. ప్లైవుడ్ పలక సాధారణముగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున దొరకును. దానిని పొడవునా కోయుటకు రంపపు బ్లేడునకు ముందు 8 అడుగులు, వెనుక 8 అడుగులు ఖాళీ కావలెను. మిగిలిన 4 అడుగులును పనివాడు మసలుటకే సరిపోవును. కావున రంపపు బల్ల గోడకు చేరక షెడ్డు నడుమ నిలువవలెను. బరమా యంత్రము వంటివి గోడ ప్రక్కకు పోవచ్చును. చేతిపని బల్లకు ఉత్తరపు కిటికీ మేలు. ఏడాదిలో అధికభాగము అచ్చట ఎండ సూటిగా పడక, వెలుగు నిలకడగా నుండును.

ఇదంతయు మొదట కాగితముపై చేయవలెను. అడుగునకు అరంగుళము చొప్పున పటము గీసినచో షెడ్డు 10 అంగుళముల పొడవు, 5 అంగుళముల వెడల్పు గల దీర్ఘచతురస్రములో ఇమిడిపోవును. యంత్రములను అదే కొలతతో అట్టముక్కలుగా కత్తిరించి పటముపై జరిపి చూడవచ్చును. బడిలో నేర్చిన నిష్పత్తి పాఠము ఇచ్చట అక్కరకు వచ్చును.

ఇక తీగల సంగతి. రంపము నడుమ నున్నది గనుక దాని తీగ నేలమీద ప్రాకరాదు; కాలికి తగిలి మనిషిని బ్లేడు మీదికే పడద్రోయును. నేలలో పాతిన గొట్టము గుండ గాని, పైకప్పు నుండి గాని అది రావలెను. నేల గచ్చు చేయకముందే ఈ నిర్ణయము జరుగవలెను.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. 2 అశ్వశక్తుల రంపపు మోటారు నిండు భారముపై సుమారు 9 లేక 10 ఆంపియర్లు గ్రహించును. దుమ్ము పీల్చు యంత్రమునకు 1 అశ్వశక్తి మోటారు. దానికి మరి 5 ఆంపియర్లు. కొయ్య దుమ్ము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో వర్గీకరించినది. కావున ఈ రెండును కలిసియే నడువవలెను. ఒకే 16 ఆంపియర్ల దారికి రెంటిని తగిలించినచో లెక్క సరిపోయినట్లే తోచును. కాని మోటారు కదలబారు క్షణమున మామూలుకంటె ఐదారు రెట్లు ప్రవాహమును లాగును. ఎం.సి.బి. పడిపోవును. కనుక పెద్ద మోటారు ప్రతిదానికి వేరు దారి, భూమి తీగ తప్పనిసరి.

ఆ మోటారు దారిమీదనే దీపము కూడ నుండినచో ముప్పు మరింత పెద్దది. ఎం.సి.బి. పడగానే గది చీకటియగును. బ్లేడు మాత్రము కొన్ని క్షణములు తిరుగుచునే యుండును. దాని ప్రక్కన మనిషి వ్రేళ్ళు! దీపములకు వేరు దారియు, వేరు ఆర్.సి.సి.బి.యు ఉండవలెనని చెప్పుట ఇందులకే. పాతకాలపు చోకుతో వెలుగు ట్యూబులైటు సెకనునకు 100 మార్లు మినుకుమనును. ఆ వెలుగున తిరుగుచున్న బ్లేడు నిలిచియున్నట్లు భ్రమ కలుగవచ్చును. రంపము దగ్గర దానిని వాడరాదు.

మరియొక జాగ్రత్త కలదు. పని నడుమ కరెంటు పోయినచో ఊరంతటితో పాటు షెడ్డు దీపమును ఆరును. బ్యాటరీ దీపమొకటి వెంటనే వెలుగునట్లు అమర్చవలెను. మీట వేసియే యుండగా కరెంటు తిరిగి వచ్చెనా, రంపము తనంతట తానే తిరుగనారంభించును. కరెంటు పోగానే విడిపోయి, మరల నొక్కినగాని కలియని స్టార్టరును రంపమునకు అమర్చుకొనవలెను.

తీగలు లాగు పని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుదే. అయినను ఏ యంత్రము ఎచ్చట నిలుచునో, ఏవి కలిసి నడుచునో అతనికి తెలియదు. దానిని చెప్పవలసినవాడు యజమాని. గోడ చెక్కుటకు ముందే ఆ కాగితపు పటమును అతని చేతిలో పెట్టవలెను.